35 డిగ్రీల దాకా

పోయిన మే నెలలో ఎర్రగుంట్లకు పోయినప్పుడు బ్యాగులో ఒక చేతి గేమింగ్ కంప్యూటర్ కూడా పెట్టుకుపోయాను. ఏ కంపెనీదో చెప్పను. చెప్పినా పెద్ద తేడా ఉండదు, ఈ రకం యంత్రాలన్నీ లోపల దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. బెంగళూరులో నా గదిలో సెకనుకు 60 ఫ్రేములు చూపించిన ఆట, మా ఇంటి నడవలో మధ్యాహ్నం రెండున్నరకు నలభై దగ్గర తడబడింది. లోపలి ఫ్యాను మోత విని మా నాయన, "అదేందిరా, మిక్సీనా?" అన్నాడు. కరెంటు లేదు. బయట 43 డిగ్రీలని ఫోను చెబుతోంది. పవర్ బ్యాంకు తగిలిస్తే ఆ యంత్రం ఛార్జింగ్ ఎక్కనని తెర మీద నోటీసు పెట్టింది.

పెట్టెలో వచ్చిన మడత కాగితం నేనెప్పుడూ చదవలేదు. ఎవరు చదువుతారు? ఆ రాత్రి ఫోనులో వెతికి చదివాను. పరిసర ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటకుండా వాడుకోమని రాసుంది. మార్చి నడిమి నుంచి జూన్ దాకా మా ఊళ్లో పగటిపూట 35 అంటే చల్లటి రోజు కిందే లెక్క.

2022 జులైలో బ్రిటన్‌లో చరిత్రలో మొదటిసారి 40 డిగ్రీలు దాటినప్పుడు స్టీమ్ డెక్ తయారుచేసే వాల్వ్ కంపెనీ ఒక ప్రకటన చేసింది. 0 నుంచి 35 డిగ్రీల మధ్య తమ యంత్రం బాగా పనిచేస్తుందనీ, అంతకు మించితే తనను తాను కాపాడుకోడానికి వేగం తగ్గించుకోవచ్చనీ. ఆ వేసవిలోనే నింటెండో కూడా స్విచ్ గురించి దాదాపు ఇదే మాట చెప్పింది: 5 నుంచి 35. పత్రికలన్నీ రాశాయి. వాళ్లకు అది వార్త. మాకది ఎండాకాలం.

చేతి గేమింగ్ యంత్రాల చరిత్రను సాధారణంగా మెగాహెర్ట్జ్‌లలో రాస్తారు. ఏ ఏడాది ఏ చిప్, ఎంత వేగం, ఎన్ని రంగులు అని ఒక పట్టిక. నేనూ ఇంజనీరింగ్ చదివే రోజుల్లో అలాంటి పట్టికలు బట్టీ పట్టినవాణ్ణే. ఇప్పుడు అదే చరిత్రను వేడి నుంచీ, సెల్లు నుంచీ చదివితే ఇంకా బాగా అర్థమవుతుందని అనిపిస్తోంది. అలా చదవడానికి ఎర్రగుంట్ల మంచి చోటు.

మా తరానికి 'వీడియో గేమ్' అంటే ఒకటే. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ డబ్బా, పైన బూడిద రంగు తెర, కింద పసుపుపచ్చ బొత్తాలు, ముందువైపు '9999 ఇన్ 1' అని రాసిన అబద్ధం. నాది ప్రొద్దుటూరు దసరాకు పోయినప్పుడు కొనిచ్చారు, 80 రూపాయలు. 1998 అనుకుంటా, నేను అయిదో తరగతి. ప్రపంచం దాన్ని బ్రిక్ గేమ్ అంటుందని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అందులో నిజంగా ఉన్నవి పదో పదిహేనో ఆటలు. వాటిని పది వేగాలతో, పది లెవెళ్లతో గుణించి, అద్దంలో తిరగేసి, 9999 చేశారు. లెక్కల మాస్టారు కూడా మెచ్చుకోవలసిన అబద్ధం.

ఆ తెర నిలువు 20, అడ్డం 10. మొత్తం 200 గళ్లు. ఒక్కో గడి వెలిగిందా ఆరిందా అన్నది గుర్తుపెట్టుకోడానికి 200 బిట్లు, అంటే 25 బైట్లు చాలు. ఈ పేరాలో ఒక్క వాక్యం అంతకంటే ఎక్కువ జాగా తింటుంది. వీటిలో చాలావాటి లోపల ఉన్నది తైవాన్‌కు చెందిన హోల్టెక్ తయారుచేసిన 4-బిట్ మైక్రోకంట్రోలర్. క్యాలిక్యులేటర్లకూ, మాట్లాడే బొమ్మలకూ సరిపడే జాతి చిప్. దాని ధర తగ్గించడానికి చిప్ మీద నల్లటి జిగురు చుక్క పోసి నేరుగా బోర్డుకు అతికించేవాళ్లు. విప్పి చూసిన ప్రతి పిల్లవాడికీ ఆ నల్ల చుక్క గుర్తుండే ఉంటుంది. దాని కింద ఏముందో తెలియకపోవడమే నన్ను ఇంజనీరింగ్ వైపు తోసిందని ఇంటర్వ్యూలలో చెబుతుంటాను, అది సగం నిజం.

అందులోని ఆట మాత్రం మాస్కోది. 1984లో అలెక్సీ పజిత్నోవ్ సోవియట్ సైన్స్ అకాడమీ కంప్యూటర్ సెంటర్‌లో, ఎలక్ట్రోనికా 60 అనే యంత్రం మీద టెట్రిస్ రాశాడు. ఆ యంత్రానికి బొమ్మలు గీయడం రాదు, అక్షరాలే వచ్చు. అందుకని కుండలీకరణ చిహ్నాలతో ఇటుకలు కట్టాడు. 1989లో దాని చేతి యంత్రాల హక్కులు నింటెండో కొనుక్కుంది. మా ప్రొద్దుటూరు డబ్బాకు ఆ హక్కులతో ఏ సంబంధమూ లేదని వేరే చెప్పక్కర్లేదు.

నింటెండో అనగానే గున్‌పెయ్ యొకొయ్ సంగతికి రావాలి. 1965లో ఆ కంపెనీలో, పేక ముక్కలు అచ్చేసే యంత్రాలను చూసుకునే పనిలో చేరాడు. డెబ్బయిల చివర్లో జపాన్‌లో క్యాలిక్యులేటర్ల పోటీ ముదిరి ఎల్‌సీడీ తెరలు, చిన్న చిప్‌లు కారుచౌక అయిపోయాయి. రైల్లో ఒక ఉద్యోగి విసుగుపుట్టి క్యాలిక్యులేటర్ బొత్తాలు నొక్కుతూ కూర్చోవడం చూసి యొకొయ్‌కి ఆలోచన వచ్చిందంటారు. 1980లో వచ్చిన గేమ్ అండ్ వాచ్ అదే. ఆయన తన పద్ధతికి పెట్టుకున్న పేరును తెలుగులో చెప్పాలంటే: ఎండిపోయిన టెక్నాలజీని పక్కదారిలో ఆలోచించి వాడుకోవడం. 'ఎండిపోయిన' అన్న మాట దగ్గర ఏ రాయలసీమవాడైనా ఒక క్షణం ఆగుతాడు. ఆయన ఉద్దేశం పనికిరానిది అని కాదు. అందరికీ తెలిసిపోయి, లోపాలన్నీ బయటపడి, ధర పడిపోయినది అని.

1989లో వచ్చిన గేమ్ బాయ్ ఆ పద్ధతికి పరాకాష్ఠ. షార్ప్ చేసిన 8-బిట్ చిప్, 4.19 మెగాహెర్ట్జ్, 8 కిలోబైట్ల జ్ఞాపకం, ఇంకో 8 బొమ్మలకు. 160 అడ్డం, 144 నిలువు చుక్కల తెర. రంగులు లేవు, నాలుగు ఛాయలున్నాయి, అన్నీ పాచిపట్టిన నీళ్ల రంగే. వెనక లైటు లేదు. అదే ఏడాది అటారీ లింక్స్ రంగుల తెరతో వచ్చింది. మరుసటి ఏడాది సెగా గేమ్ గేర్ వచ్చింది, ఒకేసారి 32 రంగులు చూపిస్తుంది, తెర వెనక చిన్న ట్యూబ్‌లైటు. పట్టికలో చూస్తే గేమ్ బాయ్ చిత్తుగా ఓడిపోవాలి. కానీ గేమ్ బాయ్ నాలుగు పెన్సిల్ సెల్లతో పదిహేను గంటల దాకా ఆడేది. గేమ్ గేర్ ఆరు సెల్లు మింగి మూడు నుంచి అయిదు గంటల్లో చేతులెత్తేసేది. ఎక్కువ భాగం ఆ ట్యూబ్‌లైటే తినేది. గేమ్ బాయ్, దాని రంగుల తమ్ముడు కలిపి 11 కోట్ల 80 లక్షలు దాటి అమ్ముడయ్యాయి. గేమ్ గేర్ కోటీ ఆరు లక్షల దగ్గర ఆగింది. గేమ్ బాయ్ విద్యుత్ ఖర్చు 0.7 వాట్లు. అంత తక్కువ కాబట్టే దానికి ఫ్యాను లేదు, గాలికి కన్నాలు లేవు, వేడి అన్న సమస్యే లేదు. 1991 గల్ఫ్ యుద్ధంలో బాంబుదాడికి ప్లాస్టిక్ కాలి కరిగిన ఒక గేమ్ బాయ్, ఇంకా టెట్రిస్ ఆడుతూ న్యూయార్క్‌లో నింటెండో దుకాణం అద్దాల పెట్టెలో చాలా ఏళ్లు ఉంది.

ఇవేవీ మా ఊరికి రాలేదు. వినియోగ వస్తువుల దిగుమతుల మీద మనదేశం పెట్టుకున్న ఆంక్షల్లో చివరివి పోయింది 2001 ఏప్రిల్‌కు. అంతకుముందు గేమ్ బాయ్ గల్ఫ్ నుంచి ఎవరి సూట్‌కేసులోనో రావాలి. బ్రిక్ గేమ్‌కు అలాంటి మర్యాదలు లేవు. రేడియో రిపేరు షాపు సాయిబు మామ, "ఇవన్నీ మద్రాసు బర్మా బజారు సరుకు, రైలెక్కి వస్తాయి" అనేవాడు. మా స్టేషను మద్రాసు, బొంబాయి లైను మీదుంది. బొంబాయి నుంచి కూడా వచ్చి ఉండొచ్చు.

టీవీకి తగిలించే టీవీ గేమ్ డబ్బాలు ఊళ్లో రెండు మూడిళ్లలో ఉండేవి. వాటితో చిక్కు ఏంటంటే కరెంటు. ఇక్కడొక విచిత్రం చెప్పాలి. రాయలసీమ థర్మల్ పవర్ స్టేషన్ ఉన్నది మా మండలంలోనే, కలమల్ల దగ్గర. 1994లో మొదటి 210 మెగావాట్ల యూనిట్ మొదలైంది, ఇప్పుడు మొత్తం 1650 మెగావాట్లు. మిద్దె ఎక్కితే దాని పొగగొట్టాలు కనిపిస్తాయి. చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు. ఇన్ని ఉన్నా వేసవిలో ఇంట్లో కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో తెలిసేది కాదు. కాబట్టి టీవీ గేమ్ ఉన్న పిల్లవాడి కంటే సెల్లతో నడిచే డబ్బా ఉన్న పిల్లవాడే గొప్పవాడు. చేతి యంత్రం పెద్ద యంత్రానికి చిన్న నకలు అని పడమటి చరిత్రకారులు రాస్తారు. మా దగ్గర అలా కాదు. ఆడగలిగేది అదొక్కటే.

ఇక సెల్లు. బ్రిక్ గేమ్‌కు రెండు పెన్సిల్ సెల్లు. అవి అయిపోతే కొనమని ఇంట్లో అడగడానికి ధైర్యం చాలదు. దీనికి మందు నేర్పింది మా పెద్దమ్మ కొడుకు, నాకంటే నాలుగేళ్లు పెద్ద. మా ఇళ్ల ముందు అరుగులన్నీ నాపరాతి బండలే. ఊరి చుట్టూ ఉన్న గనుల్లో పొరలు పొరలుగా లేచే నల్ల సున్నపురాయి. భూగర్భ శాస్త్రం పుస్తకాల్లో దీన్ని నార్జి సున్నపురాయి అంటారు, పక్కనున్న నార్జి ఊరి పేరు మీద. మధ్యాహ్నానికి ఆ బండ మీద కాలు పెట్టలేం. అన్న దాని మీద సెల్లు వరసగా పేర్చేవాడు. "ఓ అర్ధగంట కాగనీ రా, మళ్లా జీవం వస్తాది" అనేవాడు. వచ్చేది! ఇంకో ఇరవై నిమిషాలు ఆడుకునేవాళ్లం.

అది మూఢనమ్మకం కాదని చాలా ఏళ్ల తర్వాత తెలుసుకున్నాను. అప్పటి చవక సెల్లు జింకు, కార్బన్‌వి. వాడుతున్నకొద్దీ లోపలి రసాయన చర్య మందగిస్తుంది, లోపలి నిరోధం పెరుగుతుంది, బయటికి వచ్చే వోల్టేజ్ పడిపోతుంది. వాడకుండా ఉంచితే కొంత కోలుకుంటుంది. వేడి తగిలితే ఆ చర్య తాత్కాలికంగా చురుకవుతుంది. సెల్లు ఛార్జ్ కాలేదు, మిగిలి ఉన్నదాన్ని కక్కింది అంతే. పళ్లతో కొరికి నొక్కడం కూడా ఇలాంటిదే, దాన్ని మాత్రం ఎవరికీ సిఫార్సు చేయను. ఇప్పుడు ఆలోచిస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. ఈనాటి బ్యాటరీని చంపే వేడినే మేం ఆనాటి సెల్లకు మందుగా వాడాం.

ఒకరోజు నేను తెలివి ప్రదర్శించి సెల్లతో పాటు గేమ్‌ను కూడా బండ మీద పెట్టాను. తిరిగొచ్చి చూస్తే తెర మొత్తం నల్లగా మాడిపోయింది. ఏడ్చుకుంటూ సాయిబు మామ దగ్గరికి పరిగెత్తాను. ఆయన చేతిలోకి తీసుకుని చూసి, విప్పకుండానే నీళ్లకుండ పక్కన నేల మీద పెట్టాడు. "కూర్చో బిడ్డా, అలిగింది, అదే వస్తాది" అన్నాడు. పది నిమిషాల్లో నలుపు అంచుల నుంచి కరిగిపోయింది. ఎల్‌సీడీలోని ద్రవ స్ఫటికం ఒక హద్దు దాటి వేడెక్కితే తన వరస కోల్పోయి మామూలు ద్రవం అయిపోతుంది, చల్లబడితే మళ్లీ వరసలో నిలబడుతుంది. ఆయనకు ఈ సిద్ధాంతం తెలుసో లేదో. వైద్యం తెలుసు. బొత్తాలు పనిచేయకపోతే కింది రబ్బరుకు మెత్తని పెన్సిల్ రుద్ది ఇచ్చేవాడు. పెన్సిల్‌లో ఉన్నది గ్రాఫైటు, కరెంటు పారుతుంది. రూపాయి తీసుకునేవాడు, కొన్నిసార్లు అదీ లేదు.

నోకియా సంగతి అందరూ రాశారు కాబట్టి క్లుప్తంగా. 2003లో వచ్చిన 1100 దుమ్ము పడకుండా మూసిన బొత్తాలతో, టార్చ్‌లైటుతో, స్నేక్‌తో మా ఊరిని ఏలింది. సిమెంటు దుమ్ములో పనిచేసేవాళ్లకు అంతకంటే మంచి చేతి యంత్రం ఇంతవరకు రాలేదు. అదే కంపెనీ అదే ఏడాది ఆటల కోసమే ఎన్-గేజ్ అనే ఫోను తెచ్చింది, 104 మెగాహెర్ట్జ్. అందులో ఆట కార్డు మార్చాలంటే బ్యాటరీ ఊడదీయాలి. దాని గతి ఏమైందో ఊహించుకోవచ్చు.

సోనీ పీఎస్‌పీని నేను మొదట చూసింది ఇంజనీరింగ్ హాస్టల్లో. 2004లో జపాన్‌లో విడుదలైన ఆ యంత్రంలోని చిప్ 333 మెగాహెర్ట్జ్ దాకా పరిగెత్తగలదు. కానీ ఆటలు రాసేవాళ్లను సోనీ 222 దగ్గరే కట్టేసింది, బ్యాటరీ కోసం. 2007లో కొత్త ఫర్మ్‌వేర్ వచ్చాక గానీ ఆ కట్టు విప్పలేదు. అంటే రెండున్నరేళ్ల పాటు కోట్లమంది చేతుల్లో మూడో వంతు వేగం నిద్రపోయింది. ఆ పీఎస్‌పీ మీదే హైదరాబాద్ గేమ్‌శాస్త్ర వాళ్లు 'దేశీ అడ్డా' అనే ఆట చేశారు. కబడ్డీ, గిల్లీదండా లాంటి మన ఆటల కట్ట. ఆట గొప్పగా ఉందని అనను. చేతి యంత్రాల చరిత్రలో మన తెలుగు నేల నుంచి వెళ్లిన పేజీ కాబట్టి దాన్ని వదిలేయడం అన్యాయం. దాని మీద ఇంతవరకు ఒక మంచి వ్యాసం తెలుగులో నా కంట పడలేదు.

2017 నాటి స్విచ్‌లో ఈ కట్టుబాటు బాహాటంగానే ఉంది. టీవీ స్టాండులో పెడితే బొమ్మలు గీసే భాగం 768 మెగాహెర్ట్జ్. చేతిలోకి తీసుకుంటే సాధారణంగా 307. అదే యంత్రం, అదే చిప్. చేతిలో ఉన్నప్పుడు దానికి రెండు భయాలు: బ్యాటరీ అయిపోతుందని, చెయ్యి కాలుతుందని.

ఇక మా నడవలో తడబడిన నా యంత్రం. ఇంజనీరు బుద్ధి కాబట్టి లెక్క వేశాను. ఈ తరం చిప్‌లు స్థూలంగా 15 వాట్లు వాడతాయి, 100 డిగ్రీల దాకా తట్టుకుంటాయి. వేడి ఎంత బయటికి పోతుందన్నది లోపలికీ బయటికీ ఉన్న తేడాను బట్టి ఉంటుంది. బెంగళూరు గదిలో 25 అనుకుంటే తేడా 75. ఎర్రగుంట్లలో 43 అయితే తేడా 57. అంటే అదే ఫ్యాను, అదే రాగి గొట్టం, ఇక్కడ 15 వాట్లకు బదులు పదకొండున్నర వాట్ల దాకానే వేడిని తోయగలవు. ఫ్యాను లోపలికి లాగేది కూడా వడగాలే కదా.

ఇంతవరకు బాగుంది. కానీ వాట్లు నాలుగో వంతు తగ్గితే వేగం నాలుగో వంతు తగ్గదు. చిప్ వేగం పెంచాలంటే వోల్టేజ్ కూడా పెంచాలి, ఖర్చు వోల్టేజ్ వర్గంతో పెరుగుతుంది. కాబట్టి ఖర్చు దాదాపు వేగం ఘనంలా ఎగబాకుతుంది. వెనక్కి లెక్క వేస్తే నాలుగో వంతు ఖర్చు తగ్గించినా వేగంలో పోయేది పదో వంతు లోపే. మరి నా ఆట 60 నుంచి 40కి ఎందుకు పడింది?

మరుసటి రోజు అదే సమయానికి, అదే చోట, కొలతలు తెర మీద పెట్టుకుని ఆడాను. చిప్ 100 దగ్గరికి పోనే లేదు. వేడెక్కింది బ్యాటరీ. లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటాక ఛార్జ్ చేయకూడదన్నది సాధారణ నియమం. గాలే 43 ఉంటే మిగిలింది రెండు డిగ్రీలు. యంత్రం బ్యాటరీని చూసి భయపడి చిప్ గొంతు నొక్కింది. అంటే నేను ఇన్నాళ్లూ అనుకున్నట్టు ఇది చిప్ కథ కాదు. సిలికాన్ ఎర్రగుంట్లను తట్టుకుంటుంది. పక్కన పెట్టిన బ్యాటరీ తట్టుకోలేదు. పెర్ఫార్మెన్స్ అని మనం చదివే అంకెలన్నీ చల్లటి గదిలో కొలిచినవే. ఆ సంగతి అంకె పక్కన ఎవరూ రాయరు. నేనూ నా ఉద్యోగంలో రాసే పెర్ఫార్మెన్స్ రిపోర్టుల్లో ఏసీ గది ఉష్ణోగ్రత ఎప్పుడూ రాయలేదు.

ఆ సాయంత్రం అన్న వచ్చాడు. పదో తరగతి తర్వాత బండల పాలిష్ ఫ్యాక్టరీలో చేరి ఇప్పటికీ అందులోనే ఉన్నాడు. కోతమిషను దగ్గర, రాతి మీద నీళ్లు పోస్తూ కోస్తారు కాబట్టి అక్కడ కాస్త చల్లగా ఉంటుందని అంటాడు. చెవి మాత్రం కొంచెం మందగించింది, గట్టిగా మాట్లాడాలి. ఊళ్లో పిల్లలందరిలోకీ 9వ వేగంలో టెట్రిస్ ఆడగలిగినవాడు ఆయనొక్కడే. మా డబ్బా చిప్‌కు అంతకంటే వేగం లేదు. చిప్ కంటే ఆయన ముందుండేవాడు. నేను ఇంజనీరింగ్‌కు పోతుంటే, "నువ్వు పోరా, నాకు లెక్కలు రావు" అన్నాడు. ఇటుక పడేలోపు ఎక్కడ ఇరుకుతుందో లెక్కేసిన మనిషి.

అరుగు మీద కూర్చున్నాం. బండ ఇంకా వేడిగానే ఉంది, దుప్పటి పరుచుకున్నాం. టెట్రిస్ లాంటి ఆట ఒకటి ఎక్కించి యంత్రం ఆయన చేతిలో పెట్టాను. 15 వాట్ల యంత్రానికి ఆ ఆట నిద్రలో చేసే పని. ఫ్యాను కూడా తిరగలేదు. మొదట బొత్తాలు పెద్దగా ఉన్నాయన్నాడు. బరువుందన్నాడు. తర్వాత మాట్లాడటం మానేశాడు. నేను వేగం పెంచుకుంటూ పోయాను. నలభై దాటిన, రాళ్లు మోసి మొద్దుబారిన వేళ్లు అవి. రెండుసార్లు ఓడిపోయాడు, మూడోసారి కుదురుకున్నాడు.

లోపలి నుంచి వదిన అన్నానికి పిలిచింది. ఆయనకు వినపడలేదు, నేను భుజం తట్టాను. పాజ్ నొక్కి తెర వంక అలాగే చూస్తున్నాడు.

"ఏంది అన్నా?"

"కప్పు రాలేదే."

పాత డబ్బాలో ఆట ఆపితే తెర పక్కన పొగలు కక్కే కాఫీ కప్పు బొమ్మ వెలిగేది. నేను మర్చిపోయాను.